ముందే గెలిచిన పరుగు

ఆ జిల్లా యంత్రాంగానికి ఏడాదికొక పూనకం వస్తుంది. ఒక ఏడు చిరుధాన్యాల పూనకం వచ్చి, సమీక్షా సమావేశాల్లో పెట్టే బిస్కట్లు కూడా చోడిపిండితో చేయించారు. వాటిని మర్యాదకోసం కొరికినవాళ్లు తర్వాత పళ్ల డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. మరుసటి ఏడు ధ్యానం పట్టుకుంది. ట్రెజరీలో గుమాస్తాలు కళ్లు మూసుకుని కూర్చుంటే, బిల్లుల కోసం వచ్చినవాళ్లు అది ధ్యానమో నిద్రో తేల్చుకోలేక గోడవారగా నిలబడి ఉండేవారు. ఈ ఏడు కొండలెక్కి పరిగెత్తే పూనకం. ఎవరో పెద్దాయన విదేశం వెళ్లి, అక్కడ జనం ఎదురు డబ్బులు కట్టి మరీ అడవుల్లో పడి రోజంతా పరిగెడుతున్నారని కళ్లారా చూసి వచ్చాడట. మనకు కొండలు లేవా, అడవులు లేవా, జనం లేరా అని సమావేశంలో గద్దించాడట. ఉన్నాయండీ ఉన్నాయని అందరూ తలలూపారు. ఇంకేం, ఎర్రమెట్ట కొండల మీద ముప్పై కిలోమీటర్ల 'గిరిపరుగు' ఖాయమైపోయింది.

వెంటనే ఉత్తర్వు వచ్చింది. ప్రతి కార్యాలయం నుంచి కనీసం ఒకరు స్వచ్ఛందంగా పాల్గొనవలెననీ, స్వచ్ఛందంగా పాల్గొననివారిపై శాఖాపరమైన చర్యలు తీసుకొనబడుననీ అందులో ఉంది. కరెంటాఫీసులో అది చదివి వినిపించిన రోజున సగంమందికి మోకాళ్ల నొప్పులు, తక్కిన సగానికి బీపీ అప్పటికప్పుడు వచ్చేశాయి. ఎవరిని బలిపెడదామా అని పెద్ద గుమాస్తా కళ్లజోడు పైనుంచి వెతుకుతుంటే, "నేనెళ్తానండి" అని ఒక చెయ్యి లేచింది. అది హేమసుందరి చెయ్యి.

హేమసుందరికి నలభై దాటాయి. ఆమె తండ్రి లైన్‌మన్‌గా పనిచేస్తూ స్తంభం మీదే ప్రాణం వదిలాడు. ఆయన పోగా వచ్చిన కారుణ్య నియామకం ఆమె ఉద్యోగం. చేరిన నాటినుంచి ఆఫీసులో ఎవరికి ఒళ్లు మండినా ఆమెమీద విసరడానికి ఒకే రాయి ఉండేది: "నీకేటమ్మా, మీ నాన్న పోయి నీకు కుర్చీ వేసీసినాడు." ప్రమోషన్ వస్తే సీనియారిటీ అన్నారు. హౌసింగ్ బోర్డు ఇల్లు వస్తే లాటరీ అన్నారు. ఆఖరికి పెళ్లి కూడా మేనరికమే కాబట్టి, మొగుణ్ణి వెతుక్కున్న ఘనత కూడా ఆమెకు దక్కలేదు. ఇది నాది, నా అంతట నేను సంపాదించుకున్నది అని చెప్పుకోడానికి ఈ వయసుకి ఒక్కటి కూడా లేదే అన్న బాధ ఆమెను లోపల్లోపల తినేసేది. ఈ పూనకం ఎవరికీ రాకముందే, ఏడాది కిందటే, ఆమె రిజర్వాయరు గట్టు మీద పొద్దున్నే పరిగెత్తడం మొదలుపెట్టింది అందుకే. మొదట్లో కుక్కలు తరిమాయి. తర్వాత వాకింగుకొచ్చే పెద్దమనుషులు నవ్వారు. "నిన్నెవరైనా తరుముతున్నారేటి?" అని మొగుడు జగ్గారావు అడిగాడు. ఆమె పరుగు ఆపలేదు. కాళ్లు మాత్రం ఎవరి సిఫారసుతోనూ కదలవు కదా, ఆ ఒక్క సంగతీ ఆమెకు నచ్చింది.

పరుగు ఆదివారం పొద్దున్న ఆరింటికి. ఎర్రమెట్టలో అటవీ శాఖ చెక్‌పోస్టు పక్కనున్న మైదానంలో షామియానా వేశారు. అక్కడ మొదలై, కొండలన్నీ చుట్టి, మళ్లీ అక్కడికే వచ్చి చేరాలి. మూడు వందల మంది పోగయ్యారు. సగంమంది ఆఫీసు బూట్లతో వచ్చిన స్వచ్ఛంద బాధితులు, సగంమంది నిజంగా పరిగెత్తేవాళ్లు. ఆ రెండో రకంలో అందరికంటే ముందు నిలబడినవాడు విశాఖపట్నం నుంచి వచ్చిన వర్మ. ఇలాంటి పరుగులు చాలా నెగ్గినవాడు. వీపుకి నీళ్లసంచీ, చేతికి గడియారం, కళ్లకు నల్లద్దాలు. ఆరింటికి మొదలవుతుందన్న మాట నమ్మి అయిదున్నరకే ఒళ్లు వేడి చేసుకున్నాడు పాపం.

ఏడయింది. ఎనిమిదయింది. ముఖ్య అతిథి రాలేదు. కొండమీద తినాల్సిన అరటిపళ్లు కిందనే అయిపోయాయి. వర్మ ఒళ్లు మూడుసార్లు వేడెక్కి మూడుసార్లు చల్లారింది. తొమ్మిది దాటాక సైరన్లతో కార్లు వచ్చాయి. గిరిపరుగు నోడల్ అధికారి సర్వోత్తమరావు పూలగుత్తి పట్టుకుని ఎదురు వెళ్లాడు. ఆ రోజు అక్కడున్నవాళ్లలో నిజంగా పరిగెత్తిన మొదటి మనిషి ఆయనే. ఆయన అసలు చేపల శాఖ. చేపలకూ కొండలకూ ఏమిటి సంబంధమని మీరడగొచ్చు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

జ్యోతి ప్రజ్వలనకు పళ్లెం పట్టుకోడానికి ఆడమనిషి కావాలన్నారు. ముందు వరసలో కనిపించింది కాబట్టి హేమసుందరిని వేదిక ఎక్కించి, ఆమె పరుగు దుస్తులమీద ఒక శాలువా కప్పి, చేతిలో పళ్లెం పెట్టారు. కొండగాలికి దీపం వెలగనంది. అగ్గిపెట్టె ఖాళీ అయింది. షామియానా వేసిన టెంటుహౌసు అప్పలకొండ ఒక పరదా పట్టుకొచ్చి గాలికి అడ్డం నిలబడితే తప్ప ఆ దీపం వెలగలేదు. అయిదు ఒత్తులూ వెలిగేసరికి ముఖ్య అతిథి గడియారం చూసుకున్నాడు. ఆయన ఎక్కడో శీతల గిడ్డంగి ప్రారంభించాలట. సాయంత్రం బహుమతి ప్రదానానికి తిరిగి రావడం కుదరదని చెప్పాడు.

వేదికమీద ముఖాలన్నీ పాలిపోయాయి. కప్పుల మీద, శాలువాల మీద, ఫ్లెక్సీల మీద ఆయన పేరే ఉంది. సర్వోత్తమరావు ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచాడు.

"బహుమతి ప్రదానం ఇప్పుడే నిర్వహించుకుందాం" అన్నాడు.

"మరి పరుగు సార్?" అన్నాడు మైకు పట్టుకున్న వ్యాఖ్యాత, నోరు జారి.

"పరుగు ఎక్కడికీ పోదు. అతిథిగారు వెళ్లిపోతారు."

ఆ మాటలోని పాలనా దక్షతకు చుట్టూ ఉన్నవాళ్లు ముగ్ధులైపోయారు. కప్పు చేతికందిన ముఖ్య అతిథి ఎవరికివ్వాలని అటూ ఇటూ చూశాడు. పక్కనే శాలువా కప్పుకుని, పళ్లెం పట్టుకుని హేమసుందరి కనిపించింది. "ఈ అమ్మకిచ్చేద్దాం. మహిళ. ఫొటో నిండుగా ఉంటుంది" అన్నాడు. ఆమె పళ్లెం కింద పెట్టేలోపు కప్పు చేతుల్లోకొచ్చింది, ఫొటోలు టపటపా పడ్డాయి. ద్వితీయ బహుమతి, పరదా పట్టుకుని ఇంకా అక్కడే నిలబడిపోయిన అప్పలకొండకు దక్కింది. ఇదేం దారుణమని అరుస్తూ వర్మ వేదికమీదికి దూకాడు. ఇంకో మాట అనేలోపే మెడలో దండ పడింది, భుజాన శాలువా పడింది, తృతీయ బహుమతి చేతికొచ్చింది. కింద ఆఫీసు బూట్లవాళ్లు మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టారు, పరుగు అయిపోయిందనుకుని.

విలేకరులు చుట్టుముట్టారు. విజేత పరుగు ఎప్పటికి పూర్తి చేశారని ఒకతను అడిగాడు. సర్వోత్తమరావు తడుముకోలేదు. "భోజన వేళకల్లా" అన్నాడు. 'భోజన వేళకే గమ్యం చేరిన ధీరవనిత' అని పది గంటలకే ఫోన్లలో వార్త వచ్చేసింది. ధీరవనిత పేరు మాత్రం ఎవరూ అడగలేదు.

కార్లు వెళ్లిపోయాక హేమసుందరి కప్పు తెచ్చి సర్వోత్తమరావు ముందు బల్లమీద పెట్టింది.

"నాకిది వద్దండి. నేనింకా ఒక్క అడుగైనా ఎయ్యలేదు."

"విజేతలకు ఉండవలసిన వినయం అదే తల్లీ."

"వినయం కాదండి బాబూ. నా జన్మకి మొదటిసారి పోటీలో పరిగెడతన్నాను. ఎన్నోదాన్ని వస్తే అన్నోదాన్నే వస్తాను. రాలేకపోతే మానేస్తాను. అది నాకు తెలవాలి కదండి?"

"ఎన్నో స్థానంలో వచ్చారో తెలిసిపోయింది కదమ్మా, ఇంక తెలుసుకోడానికేముంది?" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "గౌరవనీయుల చేతులమీదుగా అందిన బహుమతిని వెనక్కి తీసుకునే విధివిధానాలు మా వద్ద లేవు."

తర్వాత ఆయన మైకు అందుకుని, జరగబోయే పరుగు గురించి పోటీదారులకు వివరించాడు. ఫలితాలు ఇప్పటికే వెలువడ్డాయి కాబట్టి, పరుగును ప్రకటిత ఫలితాలకు అనుగుణంగా నిర్వహించవలసిన గురుతర బాధ్యత అందరిపైనా ఉందన్నాడు. ప్రథమ విజేతను ఎవరూ అధిగమించరాదు. ద్వితీయ విజేతను ప్రథమ విజేత తప్ప ఎవరూ అధిగమించరాదు. అధిగమించినవారు ప్రభుత్వోద్యోగులైతే మెమో, కాకపోతే అనర్హత. పోటీ స్ఫూర్తిని అందరూ కాపాడాలని ముగించాడు.

"నా కుర్చీలు ఎవులు సూస్తారు?" అని అప్పలకొండ లబోదిబోమన్నాడు. "నాను పరిగెట్టడానికి రాలేదు బాబూ, సామానేసీ ఎల్లిపోడానికొచ్చినాను. ఈ పొట్టతోటి కొండెక్కితే నాను దిగను, నన్ను దింపాలి."

ఆ సమస్యకూ పరిష్కారం దొరికింది. పోటీదారుడు వాహనం ఎక్కరాదని నిబంధనల్లో ఎక్కడా రాయలేదని సర్వోత్తమరావు కనిపెట్టాడు. రాయకపోవడానికి కారణం, అలాంటి ఆలోచన ఎవరికైనా వస్తుందని ఎవరూ అనుకోకపోవడం. మార్గం పర్యవేక్షణకు వేసిన డిప్యూటీ తహసీల్దారు పాపినాయుడి మోటారుసైకిలు వెనక సీట్లో అప్పలకొండను కూర్చోబెట్టారు. అలా ద్వితీయ స్థానం కుదురుకుంది.

పదిన్నరకు జెండా ఊపారు. ముందు హేమసుందరి. ఆమె మడమలకు అంటుకున్నట్టు మోటారుసైకిలు. దాని పొగలో వర్మ. వర్మ వెనక మూడు వందల మంది.

అబ్బ, అదేం పరుగు! నెమ్మదిగా మొదలుపెట్టి, ఎక్కడం వచ్చినప్పుడు నడిచి, దిగుడులో సాగాలని ఏడాదిగా ఆమె మనసులో అనుకున్న పరుగు వేరు. ఇప్పుడు ఆమె నడిస్తే వెనక మూడు వందలమందీ నడిచారు. ఆమె బూటు లేసు కట్టుకుంటే మూడు వందలమందీ ఆగారు. కాళ్లు ఊరుకోనివాళ్లు ఉన్నచోటే ఎగిరారు. జీడితోటల పక్కనుంచి దారి సన్నబడేసరికి ఆ వరస కొండచుట్టూ తిరిగి తోక కనబడకుండా పోయింది. తోకలో ఉన్నవాళ్లకు ఎందుకు ఆగుతున్నారో తెలియక, ముందు ఎలుగుబంటి కనబడిందన్న మాట పుట్టి, కొందరు చెట్లెక్కారు. వాళ్లలో ఒకరు దిగనేలేదట, మెమో ఇస్తామన్నా దిగలేదట.

ఆమె పక్కకు జరిగి నిలబడింది. "మీరెళ్లండి వర్మగారూ. దండం పెడతాను, ఎళ్లిపోండి."

వర్మ ఒక అడుగు ముందుకేశాడు. పాపినాయుడు బండి అడ్డం పెట్టాడు. "అలగ కాదు సార్, తమరు మూడు. రెండు ఇక్కడ నా బండెనక కూచునుంది."

"నాను రెండైతే కాను బాబూ" అన్నాడు రెండు, దిగులుగా. "పోనీ నన్నిక్కడ దింపీసి, ఈ బాబుని ఎళ్లనియ్యండి."

"నాకు ఉద్యోగం ఉండాలా, వద్దా?" అన్నాడు పాపినాయుడు.

వర్మ నల్లద్దాలు తీసి చెమట తుడుచుకున్నాడు. "మేడమ్, మీమీద నాకు కోపం లేదు. కానీ ఒక్క విన్నపం. కాస్త త్వరగా నడవరూ! నా ఎనభై ఏళ్ల మేనత్త తులసికోట చుట్టూ ఇంతకంటే వేగంగా తిరుగుతుంది."

హేమసుందరికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. పరిగెత్తింది, శక్తికి మించి పరిగెత్తింది, రొప్పుతూ ఆగిపోయింది. మూడు వందలమందీ ఆగారు. ఇంతలో ఇంకొక అవసరం ముంచుకొచ్చింది. ఆమె చుట్టూ చూసి, ఒక పొదవైపు అడుగువేసింది. పాపినాయుడు వెంటనే వాకీటాకీ తీశాడు. "విజేత మార్గం తప్పుతున్నారు, ఓవర్." అటునుంచి సర్వోత్తమరావు గొంతు: "కారణం తెలపండి, ఓవర్." కారణం తెలపడానికి పాపినాయుడు సిగ్గుపడ్డాడు. చివరికి "ప్రకృతి కారణం, ఓవర్" అన్నాడు. వరస మొత్తం వెనక్కి తిరిగి నిలబడవలసిందిగా ఆదేశం వచ్చింది. మూడు వందలమంది అటు తిరిగి నిలబడ్డారు. పొద వెనక హేమసుందరి మోకాళ్లమీద తల పెట్టుకుని ఏడ్చింది. తండ్రి పోయి ఇచ్చిన కుర్చీని పాతికేళ్లు భరించింది. ఈ కప్పును భరించడం ఆమె వల్ల కావడం లేదు.

సగం దూరంలో గెడ్డ ఒడ్డున మంచినీళ్ల కేంద్రం. అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం బాగా తిరిగింది. మట్టిరోడ్డు మీదినుంచి జీపు వేసుకుని సర్వోత్తమరావు ముందే వచ్చి కూర్చున్నాడు. ముఖం మాడిపోయి ఉంది.

"ఏమిటమ్మా ఈ నిర్లక్ష్యం? భోజన వేళకల్లా మీరు గమ్యం చేరినట్టు లోకమంతా తెలిసిపోయింది. పైనుంచి అభినందనలు కూడా వచ్చాయి. తీరా చూస్తే మీరింకా సగంలో ఉన్నారు."

"పరిగెడతన్నానండి" అంది హేమసుందరి.

"అదే నేను చెప్పేది. గెలిచినవారు ఇంకా పరిగెడుతూ కనిపిస్తే ఫలితాల విశ్వసనీయతకే భంగం. మీరు పరిగెత్తే ప్రతి అడుగూ ప్రభుత్వ ప్రకటనకు విరుద్ధంగా పడుతోంది. జీపెక్కండి."

"ఎక్కను."

ఆ మాట ఆమె నోటినుంచి అంత సూటిగా వస్తుందని ఆమే అనుకోలేదు. పాతికేళ్ల నౌకరీలో ఏ అధికారితోనూ అలా అనలేదు. పాపినాయుడు నేలచూపులు చూశాడు. వర్మ నీళ్లు తాగడం ఆపేశాడు.

"ఎక్కకపోతే క్రమశిక్షణారాహిత్యం కింద వస్తుంది. మీ పై అధికారికి రాయవలసి వస్తుంది. ఏజెన్సీ సబ్‌స్టేషన్లలో ఖాళీలున్నాయని విన్నాను. ఆలోచించుకోండి."

"రాయండి సార్. ఎక్కడికి పంపితే అక్కడికే ఎళ్తాను. నాకున్నవన్నీ ఎవరో ఒకరు ఇచ్చినవే. ఉద్యోగం మా నాన్న ప్రాణం ఇచ్చింది. ఇది కూడా మీరిచ్చీస్తే ఇంక నాకేటి మిగులుతాది? సావు తప్ప నేను సొంతంగా చేసుకునేదేటీ ఉండదు. నేను జీపెక్కను గాక ఎక్కను."

సర్వోత్తమరావు అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. నిజానికి ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డవాడు కావడానికి కూడా కొంత సొంత ఆలోచన కావాలి. ఆయనకున్నదల్లా పైనుంచి వచ్చిన మాట కిందదాకా దిగకపోతే తన ఉద్యోగం దిగిపోతుందన్న బెదురు.

హేమసుందరి తన ఛాతీమీద పిన్నులతో గుచ్చిన నంబరు గుడ్డవైపు చూసుకుంది.

"సార్, గమ్యానికి చేరవలసింది నేనా, నా నంబరా?"

ఆయన ఆలోచించాడు. ఎంత గంభీరమైన ప్రశ్న! "రికార్డుల ప్రకారం..." అని ఆగి, "నంబరే" అన్నాడు.

ఆమె ఒక్కొక్క పిన్నూ తీసి, నంబరును ఆయన చేతిలో పెట్టింది. సర్వోత్తమరావు ముఖం విప్పారింది. జీపు ముందు సీటుమీద శాలువా పరిపించి, దానిమీద నంబరును ఆనించి, పక్కన కప్పు పెట్టించాడు. ముందు సీట్లో విజేత ఉండగా తాను అక్కడ కూర్చోవడం మర్యాద కాదని వెనక ఎక్కాడు. డ్రైవరు గతుకుల్లో విజేత పడిపోకుండా ఎడమ చేత్తో పట్టుకున్నాడు.

"సార్, సార్" అని పాపినాయుడు కిటికీ దగ్గరికొచ్చాడు. "మరి ఈ అమ్మ ఎవులు ఇప్పుడు?"

"ఎవరూ కారు. నంబరు లేని పాదచారి."

"పాదచారిని దాటొచ్చునా?"

"నిరభ్యంతరంగా."

జీపు కదిలింది. ద్వితీయ విజేతను మోస్తూ మోటారుసైకిలు దాని వెనక కదిలింది. "ఓలమ్మ, బతికిపోనాను, నా కుర్చీల కాడికి పోతన్నాను!" అని అప్పలకొండ వెనక్కి తిరిగి హేమసుందరికి చేతులెత్తి దండం పెట్టాడు. పొద్దున్నుంచి బిగబట్టిన మూడు వందలమందీ ఒక్కసారి తెగారు. గెడ్డ నీళ్లు చిందిస్తూ, ఎర్రమట్టి లేపుతూ ఆమె పక్కనుంచి దూసుకుపోయారు. వర్మ ఒక్క క్షణం ఆగాడు. "మేనత్త మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా" అని, లేడిలా కొండెక్కిపోయాడు. అయ్యో, మనిషి ఎంత అందంగా పరిగెడతాడు, పొద్దున్నుంచి ఇతన్నా పొగలో నడిపించారు అని ఆమె నొచ్చుకుంది. తర్వాత మిగిలినవాళ్లు పోయారు. ఆఫీసు బూట్లవాళ్లు కుంటుతూ పోయి, మొదటి మలుపులో లారీ దొరికితే ఎక్కారు. దుమ్ము అణిగింది. ఆ కొండమీద హేమసుందరి ఒక్కతే మిగిలింది.

అప్పుడు ఆమె పరుగు మొదలైంది. ఎక్కడం వచ్చినప్పుడు నడిచింది. దిగుడులో సాగింది. ఆమె ఆగితే ఎవరూ ఆగలేదు, ఆమె కదిలితే ఎవరూ కదలలేదు. నంబరు గమ్యం చేరిన వెంటనే కార్యక్రమం ముగిసినట్టు ప్రకటించేశారు కాబట్టి, పై కేంద్రాల్లో నీళ్లు ఇచ్చేవాళ్లు సర్దుకుని వెళ్లిపోయారు. దారి చూపే రిబ్బన్లు కూడా విప్పుకుపోయారు. ముందు వెళ్లినవాళ్ల అడుగుల గుర్తులు పట్టుకుని ఆమె వెళ్లింది. గెడ్డ అడ్డం వచ్చినచోట దోసిలితో తాగింది. పోడు చేల గట్టుమీద ఒకసారి కాలు మడతపడి బోర్లా పడింది. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారింది. ఎవరికోసం ఈ తిప్పలు, ఎవరు చూస్తారు, మట్టిరోడ్డు కనబడగానే ఏ ట్రాక్టరైనా ఎక్కి ఇంటికి పోతే ఎవరడుగుతారు అని ఒక మనసు సతాయించింది. మట్టిరోడ్డు కనబడింది. ట్రాక్టరు కూడా వచ్చింది. "ఎక్కమ్మా, దింపీతాం" అని అందులోవాళ్లు పిలిచారు. "వద్దు బాబూ" అని చెప్పి, రోడ్డు దాటి మళ్లీ కొండదారి పట్టింది. చివరి కొండ ఎక్కేటప్పుడు తొడలు రాళ్లయిపోయాయి, గుండె నోట్లోకొచ్చింది. అయినా ఒళ్లంతా హాయిగా ఉంది, ఎందుకో తెలియదు. పైకెక్కి కిందకు చూస్తే ఎర్రమెట్ట మైదానం, చెక్‌పోస్టు గుడిసె, పొద్దువాలే వెలుగు కనబడ్డాయి. గట్టిగా నవ్వింది. వినడానికి ఎవరూ లేరు కాబట్టి ఇంకొంచెం గట్టిగా నవ్వింది.

ఆమె కిందికి దిగేసరికి చీకటి పడబోతోంది. గమ్యమని రాసిన తోరణం విప్పేశారు. షామియానా చుట్టేశారు. అప్పలకొండ మనుషులు కుర్చీలు వ్యానులోకి ఎక్కిస్తున్నారు. మిగిలినదల్లా అటవీ శాఖ చెక్‌పోస్టు అడ్డకర్ర. హేమసుందరి దానిదాకా పరిగెత్తి, రెండు చేతులతో ఆ కర్రను పట్టుకుని ఆగింది. ఇక్కడే మొదలుపెట్టింది. ఇక్కడికే వచ్చింది.

"ఎవులది! ఆగక్కడ!" అని గుడిసెలోంచి అటవీ శాఖ సెక్షన్ ఆఫీసరు సన్యాసిరావు లేచాడు. "ఈ ఏళప్పుడు కొండమీంచి వస్తన్నావేటి? ఎవులు నువ్వు?"

"పరుక్కెళ్లానండి."

"పరుగు మధ్యాహ్నమే అయిపోయింది. నంబరేదీ?"

"లేదండి."

"నంబరున్నోళ్లకే అనుమతి. నంబరు లేకుండా రక్షిత అటవీ ప్రాంతంలో సంచరించడం నేరం, తెలుసా? కేసవుతాది" అంటూ టార్చి ముఖంమీద వేసి, గతుక్కుమన్నాడు. జేబులోంచి ఫోను తీశాడు. అందులో వార్త. శాలువా, కప్పు, ఏడుపు ముఖం. ఫోనునీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. నువ్వు కాస్తా మీరైపోయింది.

"అమ్మా, ఈ ఫస్టు ప్రైజు తమరేనా? ఆ మాట ముందే సెప్పరేటండి! రండి, కూచోండి. ఓరే, మంచినీళ్లట్రా! మీరైతే కేసూ లేదు గీసూ లేదు. ఆ సర్వోత్తమరావుగారిచేత ఒక్క ఫోను కొట్టించీయండి, నా పూచీకి. బండి పెట్టించి ఇంటికి పంపిస్తాను."

హేమసుందరి అతను చూపిన కుర్చీలో కూలబడింది. ఒక్క ఫోను. కేసు ఉండదు, ఆఫీసుకి కబురు వెళ్లదు, బండి కూడా వస్తుంది. ఆ ఒక్క ఫోనుతో, ఇప్పుడు తాను చుట్టివచ్చిన కొండలన్నీ కూడా ఎవరో ఇచ్చినవైపోతాయి. ఆమె నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టింది.

"నేను కాదండి."

"కాదేటి? అచ్చం మీలాగే ఉంటేనూ!"

"ఆవిడ భోజనాల ఏళకే వచ్చీసిందని అందులోనే ఉంది కదండి. నేను ఇప్పుడు కదా వస్తన్నాను. ఆవిడ వేరు, నేను వేరు."

సన్యాసిరావు వార్త మరోసారి చదివాడు. ప్రభుత్వం చెప్పిన మాట. కాదనడానికి వీల్లేదు. "నిజమే" అన్నాడు. మీరు మళ్లీ నువ్వైంది. "అలగైతే కేసే" అని, గార్డును పిలిచి కాగితాలు తీయించాడు.

"పేరు?"

"హేమసుందరి."

"ఎవులు పంపినారు నిన్ను?"

"ఎవరూ పంపలేదండి. నేనే ఎళ్లాను."

"ఎంటెవులైనా ఉన్నారా? ఎవుల అండైనా ఉందా?"

"లేదండి."

"బండిమీద తిరిగినావా?"

"ఎక్కలేదండి. ఎక్కమన్నా ఎక్కలేదు."

"అంటే మొత్తం? గెడ్డ, పోడు, ఆ పై కొండ, అంతా?"

"మొత్తమండి."

సన్యాసిరావు గార్డుచేత రాయించి, నిందితురాలికి చదివి వినిపించవలసిన విధి ప్రకారం గొంతు సవరించుకుని చదివాడు. "హేమసుందరి అనునామె, ఎవరి ప్రోద్బలముగాని, సిఫారసుగాని, సహాయముగాని లేకుండా, ఎచ్చటను వాహనము నెక్కక, తన స్వంత కాళ్లతో, ఎర్రమెట్ట అటవీ మార్గమునంతటిని బుద్ధిపూర్వకముగా ఆసాంతము చుట్టి వచ్చినట్లు అంగీకరించినది. ఇందులో మరెవ్వరికిని భాగము లేదు. ఈ పనికి ఆమె ఒక్కతెయే బాధ్యురాలు."

వినగానే హేమసుందరికి కళ్లనీళ్లు జలజలా కారిపోయాయి. సన్యాసిరావు కంగారుపడ్డాడు.

"ఏడవకమ్మా. జైలు గియిలు ఉండదు, జరిమానాతో పోతాది."

"అందుక్కాదండి" అంది ఆమె, అరచేత్తో ముఖం తుడుచుకుంటూ. "ఇంకొక్కసారి చదవండి సార్. కొంచెం గట్టిగా."

ఇదేం కోరికరా బాబూ అనుకున్నాడు గాని, నిందితురాలు అడిగితే చదవాలి కదా. టార్చి కాగితంమీదికి వేసి, నేరాన్ని మొదటినుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. వ్యాను దగ్గర కుర్చీలు మోస్తున్నవాళ్లు ఆగి ఇటు చూశారు. హేమసుందరి కుర్చీ చెయ్యి పట్టుకుని, లేచి నిలబడి వింది.